బాలింత మొదటి విరేచనం

"మోషన్‌కి వెళ్తే కుట్లు తెగిపోతాయా అండీ?"

ఏలూరు పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో గానీ, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలో గానీ, మామూలు కానుపైన మర్నాటికల్లా ఈ ప్రశ్న పుడుతుంది. పుట్టినంత మాత్రాన బయటికి రాదు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు పక్కన భర్త ఉంటాడు, అత్తగారు ఉంటారు, ఎదురు మంచం వాళ్ళ చుట్టాలు ఉంటారు. బిడ్డ పాలు తాగుతున్నాడా, జ్వరమేమన్నా ఉందా అని అడిగినవాటికి జవాబు చెప్పి ఊరుకుంటుంది బాలింత. మందులిచ్చే నర్సమ్మ ఒంటరిగా దొరికితే మెల్లగా అడుగుతుంది, అదీ ధైర్యముంటే. లేకపోతే ఆ ప్రశ్ననూ కడుపులో బరువునూ కలిపి ఇంటికి మోసుకుపోతుంది.

అడగకపోవడానికి సిగ్గొక్కటే కారణం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కానుపులు ఆపరేషన్‌తోనే అవుతున్నాయి. అందుకని మన ఇళ్ళలో కుట్లు అనగానే పొట్ట మీది కుట్లే గుర్తొస్తాయి. వాటి గురించి బరువులెత్తకు, మెట్లెక్కకు అని చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. మామూలు కానుపైన పిల్లకు మాత్రం "నీకేమమ్మా, నార్మలేగా" అన్న మాట దక్కుతుంది. ఆ నార్మల్ కానుపులోనే కొందరికి మలద్వారం దాకా చిరుగు పడుతుందనీ, దాన్ని ఆపరేషన్ థియేటర్లో పొరలు పొరలుగా కుట్టాల్సి వస్తుందనీ చాలామందికి తెలియదు.

ఈ అధ్యాయం ఆ పిల్ల కోసం, ఆమెకు వండిపెట్టే తల్లి కోసం. జవాబు ముందే చెప్పేద్దాం. మెత్తటి విరేచనం కుట్లను తెంపదు. గట్టిపడిన మలమూ, దాన్ని బయటికి తొయ్యడానికి ఊపిరి బిగబట్టి ముక్కడమూ కుట్లకు చేటు. భయపడి ఆపుకున్న ప్రతి పూటా ఆ మలం ఇంకాస్త గట్టిపడుతుంది. కుట్లను కాపాడుకుందామని చేసే పనే వాటి మీదికి తెస్తుందన్నమాట. ఎందుకలా అవుతుందో మెట్టుమెట్టుగా చూద్దాం.

చిరుగు ఎంత లోతు

యోనికీ మలద్వారానికీ మధ్య రెండు మూడు వేళ్ళ వెడల్పు జాగా ఉంటుంది. బిడ్డ తల బయటపడే వేళ ఆ జాగా అంతా సాగి పలచనైపోతుంది. అక్కడ ఎంతో కొంత చిరగడం మామూలే. బ్రిటన్ లెక్కల్లో, ఆపరేషన్ లేకుండా కన్నవాళ్ళలో నూటికి 85 మందికి ఏదో ఒక మేరకు గాయమవుతుంది. అందులో ఎక్కువ భాగం పైపైనే ఉంటుంది.

డాక్టర్లు ఈ చిరుగును నాలుగు డిగ్రీలుగా విడదీస్తారు. చర్మం వరకే అయితే మొదటి డిగ్రీ. చర్మం కింది కండ దాకా పోతే రెండోది. మలద్వారం చుట్టూ ఉండే బిగింపు కండరాలు చిరిగితే మూడోది. వాటినీ దాటి పేగు లోపలి పొర కూడా తెగితే నాలుగోది. చివరి రెండింటినే తీవ్రమైన చిరుగులంటారు. బ్రిటన్‌లో ఇవి తొలిచూలు కానుపుల్లో నూటికి ఆరింటిలోనూ, ఆ తర్వాతి కానుపుల్లో నూటికి రెండింటికి లోపూ కనిపిస్తున్నాయి.

చిరుగు ఇంత లోతుకు పోవడానికి కారణాలు తెలిసినవే. మొదటి కానుపు కావడం, బిడ్డ నాలుగు కిలోలు దాటి ఉండడం, తల పైకి చూస్తూ పుట్టడం, నొప్పులు చివరి దశలో చాలాసేపు సాగడం, ఫోర్సెప్స్ వెయ్యాల్సి రావడం. వీటిలో తల్లి చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. "నువ్వు సరిగ్గా ముక్కలేదు, అందుకే చిరిగింది" అన్న మాట ఎవరి నోట వచ్చినా అది అబద్ధమే.

ఇక్కడ బిగింపు కండరాల సంగతి కొంచెం తెలుసుకోవాలి. మలద్వారానికి ఒకదాని చుట్టూ ఒకటిగా రెండు కండరాలున్నాయి. లోపలిది మన మాట వినదు. రాత్రీ పగలూ దానంతటదే బిగిసి ఉంటుంది. మనం నిద్రలో ఉన్నప్పుడు కూడా ఏమీ జారకుండా చూసేది ఎక్కువగా అదే. బయటిది మన మాట వింటుంది. బస్సులో ఉండగా విరేచనం వచ్చినట్టయితే బిగబట్టుకునేది దానితోనే. మూడో డిగ్రీలో బయటి కండరం కొంతో పూర్తిగానో తెగుతుంది, ఒక్కోసారి లోపలిది కూడా. తెగిన కొసలు కలిపి కుట్టిన దారం కొన్ని వారాల పాటు గట్టిగా పట్టి ఉంచి, తర్వాత ఒంట్లోనే కరిగిపోతుంది. మొదటి వారం గాయానికి సొంత బలం దాదాపు లేనట్టే. భారమంతా దారానిదే. రోజులు గడిచేకొద్దీ కొత్త కండ అల్లుకుని ఆ భారం తను తీసుకుంటుంది.

కాబట్టి మొదటి రెండు మూడు వారాల్లో ఆ దారం మీద ఎంత లాగుడు పడుతోంది అన్నదే లెక్క. మెత్తగా, సన్నగా వచ్చే మలానికి ద్వారం కొద్దిగా తెరుచుకుంటే చాలు. గట్టి ముద్దకు బాగా సాగాలి, పైగా పొట్ట కండరాల ఒత్తిడంతా వచ్చి సరిగ్గా ఆ కుట్ల మీదే పడుతుంది.

గట్టితనం ఎక్కడి నుంచి వస్తుంది

మలం గట్టిపడడం తిన్న తిండి తప్పు అనుకుంటాం. తిండి పాత్ర ఉంది గానీ, అసలు లెక్క నీటిది.

రోజుకు మన పేగుల్లోకి సుమారు తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. తాగిందీ తిన్నదాంట్లో ఉన్నదీ అందులో రెండు లీటర్లే. మిగతాదంతా లాలాజలం, పిత్తరసం, జీర్ణాశయంలోనూ పేగుల్లోనూ ఊరే రసాలు. చిన్నపేగు వాటిలో చాలా భాగాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. పెద్దపేగు దాకా వచ్చేది ఒక లీటరో లీటరున్నరో. దాన్ని కూడా పెద్దపేగు పీల్చుకుంటూ పోతే చివరికి మలంలో మిగిలేది గ్లాసుకు లోపు. మామూలు మలంలో మూడొంతులు నీరే. అది కాస్త తగ్గినా గట్టిదనం బాగా పెరుగుతుంది.

పెద్దపేగు చేసే ఈ పని ఆగదు. "ఇక చాలు, సరిగ్గా ఉంది" అనుకుని మానుకునే ఏర్పాటు దానికి లేదు. మలం లోపల ఎంతసేపు ఉంటే అంతసేపు పీలుస్తూనే ఉంటుంది.

చేపల చెరువులున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది కళ్ళకు కట్టిన సంగతే. కైకలూరు, ఆకివీడు వైపు పట్టుబడి అయ్యాక చెరువు నీళ్ళు తోడేస్తారు. ఆ రోజు అడుగున ఉన్న బురదను కాలితో తోసినా జరుగుతుంది. కొన్నాళ్ళు ఎండితే పార దిగదు. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే నెర్రెలిచ్చి పెళ్ళలు పెళ్ళలుగా లేస్తుంది, పొక్లెయిన్ తేవాల్సిందే. మొదటి రోజు మట్టీ అదే, చివరి రోజు మట్టీ అదే. మధ్యలో పోయింది నీరు, గడిచింది కాలం. పెద్దపేగులో ఇదే పని వారాల్లో కాక రోజుల్లో జరిగిపోతుంది. అందుకే కానుపైన రెండో రోజు వచ్చే విరేచనానికీ అయిదో రోజు వచ్చేదానికీ అంత తేడా.

బాలింతకే ఎందుకిలా

ఒకే మనిషి మీద ఇన్ని కారణాలు ఒక్కసారి వచ్చిపడే సమయం జీవితంలో ఇంకోటి లేదేమో.

గర్భం నిలబడడానికి ప్రొజెస్టరోన్ అనే హార్మోన్ కావాలి. గర్భసంచి ముందే ముడుచుకోకుండా దాని కండను అది సడలించి ఉంచుతుంది. పేగు గోడలోనూ ఉన్నది అదే తరహా కండ కాబట్టి దాన్నీ సడలిస్తుంది. అలా నెలల తరబడి నెమ్మదించిన పేగు, బిడ్డ పుట్టిన మర్నాడే పూర్వపు వేగం అందుకోదు.

తర్వాత ఐరన్ మాత్ర. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. అందుకే గర్భిణికి 180 రోజులు, కానుపయ్యాక మరో 180 రోజులు 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న ఎర్ర మాత్ర ఇస్తారు. ఒంటికి పట్టని ఐరన్ పేగులో మిగిలిపోయి మలాన్ని నల్లగా, గట్టిగా చేస్తుంది. కానుపులో రక్తం పోయినవాళ్ళకు ఆ మాత్ర అవసరమే. దాన్ని మీ అంతట మీరు మానేయకుండా, మలబద్ధకం ఉందని డాక్టరుకు చెబితే మోతాదో రకమో మారుస్తారు.

నొప్పి మందుల్లో కూడా తేడా ఉంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పేగును కట్టెయ్యవు, పాలిచ్చే తల్లికి మామూలుగా ఇచ్చేవే అవి. ట్రమడాల్, కోడీన్ లాంటివి నల్లమందు కుటుంబానివి. నొప్పినీ ఆపుతాయి, పేగునూ ఆపుతాయి. పైగా పాలలోకి దిగుతాయి గనక పాలిచ్చే తల్లికి వీటిని ఇవ్వడంలో డాక్టర్లు జాగ్రత్తగా ఉంటారు. ఇంట్లో ఎవరికో పంటినొప్పికి రాసిన మాత్ర బాలింతకు వెయ్యకూడదని అనేది ఇందుకే.

ఇక పథ్యం. గోదావరి, కృష్ణా జిల్లాల్లో బాలింతకు పాత బియ్యపు అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, శొంఠి మిరియాలు దట్టించిన కాయం పెడతారు. ఓపిక రావడానికి ఇందులో చాలా భాగం మంచిదే. చిక్కల్లా రెండు నిషేధాలతో. చాలా ఇళ్ళలో ఆకుకూరలూ పళ్ళూ చలవ చేస్తాయని వద్దంటారు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని గ్లాసులు లెక్కపెడతారు. పాలు కుదురుకున్నాక తల్లి రోజుకు ముప్పావు లీటరు దాకా ఇస్తుంది, అందులో నూటికి 87 పాళ్ళు నీరే. ఆ నీరు ఎక్కడి నుంచి రావాలి? తాగింది చాలకపోతే శరీరం పేగు దగ్గర ఇంకొంచెం పిండుకుంటుంది. కొల్లేరు లంకల్లో కష్టం మరో మెట్టు ఎక్కువ. చుట్టూ నీళ్ళే ఉన్నా తాగేవి క్యాన్లలో కొనుక్కోవాలి. కొన్న నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు తమ వంతు తామే తగ్గించుకుంటారు.

కొల్లేటి ఇళ్ళలో బాలింతకు కొరమీను పులుసు పెడితే సంతోషమే. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, చేపలో అవి దండిగా ఉన్నాయి. కానీ చేపలో, గుడ్డులో, నేతిలో పీచు చుక్కంత కూడా ఉండదు. పీచు మొక్కల్లోనే ఉంటుంది. పథ్యం పెద్దగా తప్పకుండానే దాన్ని ఇవ్వొచ్చు. బీరకాయ, పొట్లకాయ మన పెద్దవాళ్ళు పథ్యంలో ఒప్పుకునే కూరలే కదా. వాటికి పెసరపప్పు, తోటకూర, బాగా ముగ్గిన చక్కెరకేళి, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష కలిస్తే సగం పని అయినట్టే.

భయం పేగును ఎలా బిగిస్తుంది

పైవన్నీ సరిచేసినా ఇంకొకటి మిగిలిపోతుంది. అది భయం.

మలం పురీషనాళంలోకి, అంటే పెద్దపేగు చివరి గదిలోకి దిగగానే ఆ గోడ సాగుతుంది. వెంటనే లోపలి బిగింపు కండరం దానంతటదే కాసేపు సడలుతుంది. మనకు "వస్తోంది" అనిపించేది అప్పుడే. అనువుగా ఉంటే బయటి కండరాన్ని మనం వదులుతాం. లేకపోతే బిగిస్తాం. బిగిస్తే మలం కొంత వెనక్కి జరుగుతుంది, పిలుపు అణిగిపోతుంది, నీటి పీల్పు సాగుతూనే ఉంటుంది.

కుట్లున్న పిల్లకు పిలుపు వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఇది కావాలని చేసేది కాదు. నొప్పి పుట్టే చోట కండరం బిగుసుకోవడం శరీరం స్వభావం. దాంతో ఒకవైపు ముక్కుతూ, ఇంకోవైపు తెలియకుండానే ద్వారాన్ని మూసి ఉంచుతుంది. ఆ రెంటి మధ్యా నలిగేది గాయమే. వెళ్ళొచ్చాక నొప్పి గంటసేపు ఉంటే మరుసటి పిలుపును ఇంకా గట్టిగా ఆపుతుంది. నొప్పి, ఆపడం, గట్టిపడడం, ఇంకా ఎక్కువ నొప్పి: ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి. ధైర్యం చెప్పినంత మాత్రాన తెగదు. మలం మెత్తబడితే నొప్పి తగ్గుతుంది, నొప్పి తగ్గితే భయం దానంతటదే తగ్గుతుంది. కాబట్టి తెంపాల్సిన చోటు గట్టిదనం దగ్గరే.

కట్టెయ్యాలా, కదిలించాలా

ఈ ప్రశ్న దగ్గర వైద్యులు కూడా చాలాకాలం తడబడ్డారు. ఇటలీలోని సలెర్నో పట్టణం పేరుతో 12వ శతాబ్దంలో స్త్రీల జబ్బుల మీద వచ్చిన గ్రంథాల్లో ఈ చిరుగును పట్టుదారంతో కుట్టమని ఉంది, అరగని తిండి పెట్టొద్దనీ ఉంది. 19వ శతాబ్దంలో శస్త్రవైద్యులు చాలామంది కట్టేసే దారి పట్టారు. కుట్టిన తర్వాత నల్లమందు ఇచ్చి, రోజుల తరబడి విరేచనమే కాకుండా చూసేవాళ్ళు. గాయం మీదుగా ఏదీ పోకపోతే అది ప్రశాంతంగా మానుతుందన్నది వాళ్ళ ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. ఇవాళ మన బాలింత తనకు తానుగా చేసేదీ అదే, మందు లేకుండా.

ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూసిన పరిశీలన ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో జరిగి 2004లో అచ్చయింది. బిగింపు కండరం కుట్టించుకున్న 105 మంది తల్లుల్లో కొందరికి పేగును కట్టేసే కోడీన్, మిగతావారికి మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ ఇచ్చారు. మెత్తబరిచే మందు తీసుకున్నవాళ్ళకు మొదటి విరేచనం రెండో రోజుకే అయింది, నొప్పి తక్కువగా ఉంది, ఇంటికీ ముందే వెళ్ళారు. కట్టేసినవాళ్ళకు నాలుగు రోజులు పట్టింది, నొప్పీ ఎక్కువే. కట్టెయ్యడం వల్ల గాయానికి ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

డబ్లిన్ నుంచే 2007లో మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. మెత్తబరిచే సిరప్ ఒక్కటే ఇవ్వాలా, దానితోపాటు ఇసబ్‌గోల్ పీచుపొడి కూడా కలిపితే ఇంకా మంచిదా అని 147 మంది తల్లులలో చూశారు. రెండూ కలిపి తీసుకున్నవాళ్ళలో మూడోవంతు మందికి తొలినాళ్ళలో ఆపుకోలేక జారిపోవడం కనిపించింది. సిరప్ ఒక్కటే తాగినవాళ్ళలో అది అయిదోవంతుకు కూడా చేరలేదు. మన ఇళ్ళలో ఇసబ్‌గోల్ అంటే ఏ మలబద్ధకానికైనా మంచిదన్న నమ్మకం ఉంది. మామూలు రోజుల్లో అది నిజమే. కొత్తగా కుట్టిన, ఇంకా బలహీనంగా ఉన్న కండరానికి మాత్రం ఆ అదనపు పరిమాణం మొయ్యలేని భారం. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: మెత్తబరిచే మందు ఇవ్వండి, దానితో పీచుపొడిని మామూలుగా కలపొద్దు.

లాక్టులోజ్ పనిచేసే తీరు సులువైనది. పాలలోని చక్కెర నుంచి తయారుచేసే ఇంకో చక్కెర ఇది. మన చిన్నపేగుకు దీన్ని అరిగించుకోవడం చేతకాదు. అందుకని అది అలాగే పెద్దపేగు చేరి, తనతో నీటిని పట్టి ఉంచుతుంది. పెద్దపేగు పీల్చుకుపోయే నీటిలో కొంత అలా మలంలోనే మిగులుతుంది. రక్తంలోకి దాదాపు చేరదు కాబట్టి పాలలోకీ రాదు. పనిచెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. కడుపు బిగిశాక తాగుదామని సీసా పక్కన పెడతారు. కుట్లు వేసిన రోజు నుంచే మొదలుపెట్టాల్సిన మందు అది. కొంచెం గ్యాస్, కడుపుబ్బరం రావొచ్చు. మరీ పల్చగా అవుతుంటే డాక్టరును అడిగి మోతాదు తగ్గించుకోవాలి. నీళ్ళలా కావడం కూడా గాయానికి మంచిది కాదు.

అందుకే ఆముదం వద్దు. అది పేగును గట్టిగా రెచ్చగొట్టి, మెలిపెట్టి, నీళ్ళలా పోయిస్తుంది. ఆపుకునే శక్తి సరిగ్గా లేని వారాల్లో అది కుట్ల మీదుగా జారితే శుభ్రం చేసుకోవడమూ కష్టమే. ఎనిమా, లోపల పెట్టే మందు బత్తీలు, చిట్కా వైద్యపు సబ్బు ముక్కలు కూడా అంతే. డాక్టరు చూసి చెప్పనిదే ఆ ద్వారంలోకి ఏదీ వెళ్ళకూడదు.

ఆ ఉదయం వచ్చినప్పుడు

ప్రభుత్వాసుపత్రిలో మామూలు కానుపైతే రెండు మూడు రోజులకు ఇంటికి పంపిస్తారు. తీవ్రమైన చిరుగున్నవాళ్ళను ఇంకొంత ఆపినా, మొదటి విరేచనం చాలాసార్లు ఇంటికొచ్చాకే అవుతుంది. కాబట్టి ఇంట్లో ఏర్పాటు ముందే ఉండాలి.

వేళ చూసుకోండి. పొట్టలోకి తిండి పడగానే పెద్దపేగుకు కబురు వెళ్ళి అది కదులుతుంది. ఈ కదలిక పొద్దున్న నిద్రలేచాక, టిఫినో కాఫీయో అయ్యాక బలంగా ఉంటుంది. ఆ అరగంటలో బిడ్డను ఇంకొకరు ఎత్తుకోవాలి. "పాపాయి ఏడుస్తోంది, రావే" అని తలుపు కొట్టకపోవడం కూడా వైద్యమే. డాక్టరు రాసిన నొప్పి మాత్ర అంతకు ముప్పావు గంట ముందు వేసుకుంటే నొప్పి అదుపులో ఉంటుంది.

కూర్చునే తీరు చూసుకోండి. పురీషనాళం చుట్టూ వెనక నుంచి పట్టీలా తిరిగి ముందుకు లాగే కండరం ఒకటుంది. నిలబడినప్పుడూ మామూలుగా కూర్చున్నప్పుడూ అది దారిని వంచి ఉంచుతుంది. మోకాళ్ళు తుంటికన్నా పైకి వస్తే ఆ వంపు చక్కబడుతుంది. మన పాతకాలపు దొడ్డిలో గొంతుకూర్చోవడంలో ఉన్న మేలు ఇదే. కానీ కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు పూర్తిగా గొంతుకూర్చుంటే చర్మం లాగుతుంది, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, లేవడం కష్టం. కమోడ్ ఉంటే పాదాల కింద పీట వేసుకుని కాస్త ముందుకు వంగి కూర్చోవడం మేలు. లేకపోతే మందుల దుకాణాల్లో దొరికే కమోడ్ కుర్చీ కొన్నాళ్ళు పనికొస్తుంది.

శుభ్రమైన మెత్తటి గుడ్డను గానీ ప్యాడ్‌ను గానీ మడిచి కుట్ల మీద, ముందు వైపు నుంచి, అరచేత్తో మెల్లగా ఆనించి పట్టుకోండి. లాగుడు తగ్గుతుంది, మనసుకూ ధైర్యమొస్తుంది. ఊపిరి బిగబట్టొద్దు. నోరు తెరిచి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ, పొట్టను ముందుకు ఉబ్బనివ్వండి. దవడ వదులైతే కిందా వదులవుతుంది. రాకపోతే పోరాడకుండా లేచి వచ్చెయ్యండి. మళ్ళీ పిలుపు వస్తుంది. పది నిమిషాలకు మించి కూర్చోవద్దు.

అయ్యాక నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడగాలి. కాగితంతో తుడిచే అలవాటు కన్నా మన నీళ్ళ అలవాటే గాయానికి మంచిది. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్ళు ఎప్పుడూ ఒక బకెట్ సిద్ధంగా ఉంచండి. చెరువు నీళ్ళూ కాలవ నీళ్ళూ కుట్లకు తగలనివ్వొద్దు. వెడల్పాటి టబ్బులో అవే గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని కాసేపు కూర్చుంటే బిగుసుకున్న కండరం వదులవుతుంది. తర్వాత రుద్దకుండా అద్ది ఆరబెట్టుకోవాలి.

నీళ్ళ విషయంలో ఒక నిజం చెప్పాలి. దాహం తీరా తాగే మనిషి అదనంగా బిందెడు తాగినా మలం మెత్తబడదు. ఆ నీరు మూత్రంలో పోతుంది. చాలీచాలకుండా తాగేవాళ్ళకే నీళ్ళు మందు. పథ్యం పేరుతో గ్లాసులు లెక్కపెట్టే ఇంట్లో ఉన్న బాలింత సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగాలన్న చిన్న నియమం పెట్టుకుంటే చాలు. నీళ్ళు వద్దనే పెద్దవాళ్ళున్న చోట జీలకర్ర కాచిన నీళ్ళు, పల్చటి మజ్జిగ, చారు రూపంలో ఇస్తే గొడవ ఉండదు.

ఎప్పుడు ఆగకూడదు, ఆ తర్వాతేమిటి

కొన్ని లక్షణాలను ఇంట్లో భరించకూడదు. జ్వరం, చీము, దుర్వాసన. కుట్లు విడినట్టు కనిపించడం. నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకూ పెరగడం. ఎర్రటి రక్తం ధారగా రావడం. సిరప్ తాగుతున్నా మూడు నాలుగు రోజులు విరేచనం కాకపోవడం, దానికి తోడు పొట్ట ఉబ్బి వాంతులు కావడం. వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండు లక్షణాలను మనవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటారు. చాలా రోజులు విరేచనం కాక, ఒక్కసారిగా నీళ్ళలా కారుతుంటే విరేచనాలు పట్టుకున్నాయనుకుని ఆపే మందు వేస్తారు. లోపల గట్టి ముద్ద అడ్డం పడితే దాని పక్క నుంచి నీరు ఊరి కారడం అయ్యుండొచ్చు. ఆపే మందు అప్పుడు ఇంకా చెరుపు. రెండోది, యోని నుంచి గాలి గానీ మలం గానీ రావడం. పేగుకీ యోనికీ మధ్య దారి పడిందని దానర్థం కావచ్చు. సిగ్గుపడి దాచుకుంటే తగ్గేది కాదు, డాక్టరు సరిచెయ్యగలిగేదే.

నొప్పి సద్దుమణిగాక, గ్యాస్ పోకుండా బిగబట్టినట్టు ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామం మొదలుపెట్టాలి. డాక్టరో ఫిజియోథెరపిస్టో ఒకసారి నేర్పితే, బిడ్డకు పాలిస్తూ కూడా చేసుకోవచ్చు. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఒకసారి తప్పకుండా చూపించుకోవాలి. బిడ్డ టీకాల కోసం ఎలాగూ వెళ్తారు. అదే రోజు తల్లి గురించి కూడా అడగండి. బాగా కుట్టించుకున్నవాళ్ళలో నూటికి 60 నుంచి 80 మందికి ఏడాది తిరిగేసరికి ఏ ఇబ్బందీ ఉండదని రాయల్ కాలేజీ లెక్క. మిగతావాళ్ళకు గ్యాస్ ఆగకపోవడం, తొందరగా పరుగెత్తాల్సి రావడం లాంటివి మిగలొచ్చు. వాటికీ వైద్యం ఉంది.

ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం జాగ్రత్త చెయ్యండి. ఏ డిగ్రీ చిరుగో, ఏ కండరం కుట్టారో అందులో ఉంటుంది. రెండో కానుపులో మళ్ళీ ఇలాంటి చిరుగు పడే అవకాశం నూటికి అయిదు నుంచి ఏడు. ఎక్కువమందికి మళ్ళీ పడదు. అయితే మొదటిసారి ఇబ్బంది ఇంకా మిగిలి ఉంటే ఆపరేషన్ మేలా, మామూలు కానుపు మేలా అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. మామూలు కానుపే అనుకుంటే, తల బయటపడే వేళ ఆ జాగాలో గోరువెచ్చటి గుడ్డ ఆనించడం, చేత్తో కాపు కాస్తూ తలను మెల్లగా రానివ్వడం తీవ్రమైన చిరుగులను తగ్గిస్తాయి. కాబట్టి రెండోసారి గర్భం నిలిచి మొదటి చెకప్‌కి వెళ్ళిన రోజే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా, ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టండి.